తెల్లబంతి ఎక్కడ ఆగాలి?

ఉయ్యూరు పరిసరాల్లో పెరిగిన పిల్లల వేళ్లకు రెండు ఆటలు బాగా తెలుసు. గోళీలాట ఒకటి, క్యారమ్స్ ఒకటి. బడి వెనక ఖాళీ స్థలాల్లో, చెరుకు బళ్లు వెళ్లే దారుల పక్కన గోళీలు. వీధి అరుగుల మీద, లైబ్రరీ వసారాల్లో, హాస్టలు గదుల్లో, వినాయక చవితి పందిళ్ల పక్కన క్యారమ్స్. ఇప్పుడు వీటి పక్కన మూడో ఆట వచ్చి చేరింది. కాలేజీ కుర్రాళ్లు బస్సెక్కి, ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న బెజవాడ వెళ్లి, స్నూకర్ పార్లర్‌లో గంట లెక్కన టేబుల్ తీసుకుని పూల్ ఆడి వస్తున్నారు.

వాళ్ల ఆట కాసేపు నిలబడి చూడండి. గురి బ్రహ్మాండంగా ఉంటుంది. మొదటి బంతి టక్కున పాకెట్లో పడుతుంది. రెండో బంతికి వచ్చేసరికి తెల్లబంతి టేబుల్ అంచున ఏ కుషన్‌కో అతుక్కునో, ఎదుటివాడి బంతి చాటునో ఇరుక్కుని ఉంటుంది. ఇక కొట్టడానికి దారి ఉండదు. బంతిని పాకెట్లో వేయడం వాళ్లకు వచ్చు. తెల్లబంతిని కావలసిన చోట ఆపడం రాదు. నా దృష్టిలో పూల్ అంటే ఈ రెండోదే. మొదటిది లేకుండా ఆట మొదలవదు కానీ, ఆటగాడెవరో తేల్చేది మాత్రం రెండోదే.

ఈ లోటుకు కారణం మన పిల్లల్లో లేదు, వాళ్లు ఆడి వచ్చిన క్యారమ్స్‌లో ఉంది. క్యారమ్స్‌లో కాయిన్ పడగానే స్ట్రయికర్ మన చేతికి తిరిగొస్తుంది. బేస్ లైన్ మీద ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకుని మళ్లీ కొట్టొచ్చు. స్ట్రయికర్ ఎటు పోయినా, పాకెట్లో పడి డ్యూ కట్టాల్సి రాకపోతే చాలు. పూల్‌లో ఆ సౌకర్యం లేదు. పదిహేను రంగు బంతులు, ఆరు పాకెట్లు, ఒక తెల్లబంతి. అది ఆగిన చోటే మన తర్వాతి దెబ్బ మొదలవుతుంది. అంటే ప్రతి దెబ్బకీ రెండు పనులు. ఎదుటి బంతిని పంపాలి, మన బంతిని నిలబెట్టుకోవాలి.

బరువుల్లోనూ తేడా ఉంది. పోటీల్లో వాడే స్ట్రయికర్ బరువు 15 గ్రాములు మించకూడదు, కాయిన్ 5 నుంచి 5.5 గ్రాములు ఉంటుంది. అంటే కొట్టేది దెబ్బ తినేదానికి దాదాపు మూడింతలు బరువు. అందుకే కాయిన్‌ని నిండుగా కొట్టినా స్ట్రయికర్ ఆగదు, సుమారు సగం వేగంతో ముందుకే పోతుంది. అంచున తగిలినా పెద్దగా పక్కకు తిరగదు. లెక్క ప్రకారం దాని దారి 20 డిగ్రీలకు మించి వంగడం కష్టం. ఏళ్ల తరబడి ఆ బరువుకు అలవాటు పడిన చెయ్యి పూల్ టేబుల్ దగ్గర మోసపోతుంది. ఎందుకంటే పూల్‌లో తెల్లబంతీ రంగుబంతీ ఒకే కొలత, ఇంచుమించు ఒకే బరువు. రెండూ 57 మిల్లీమీటర్ల వ్యాసంతో, 156 నుంచి 170 గ్రాముల మధ్య ఉంటాయి. సమానమైన రెండు బంతులు ఢీకొన్నప్పుడు జరిగేది వేరు.

ఆ వేరైనది మనకు కొత్తేం కాదు, గోళీలాటలో ఉంది. ఎడమ చేతి బొటనవేలు నేలకు ఆనించి, నడిమి వేలి కొసన గోళీ పెట్టి, కుడి చేత్తో వెనక్కి లాగి వదిలినప్పుడు అది గాల్లో దూసుకుపోయి ఎదుటి గోళీని తాకుతుంది. సూటిగా తగిలితే ఎదుటిది ఎగిరిపోతుంది, మనది ఆ గోళీ ఉన్న చోటే నిలబడిపోతుంది. గోళీసోడా సీసాలోంచి తీసిన గోళీతో ఈ దెబ్బ కొట్టి మురిసిపోని పిల్లవాడు మా తరంలో లేడు. అదే గోళీని నేల మీద దొర్లించి కొడితే అక్కడ ఆగదు, కొంత ముందుకు పోతుంది. తేడా ఎక్కడుంది? గాల్లో వచ్చిన గోళీకి ముందుకు దొర్లే తిరుగుడు లేదు. నేల మీద వచ్చినదానికి ఉంది. పూల్‌లో తెల్లబంతి విద్య మొత్తం ఈ ఒక్క తేడా మీద నిలబడి ఉంది. మంచి గోళీ ఆటగాడు ఎదుటి గోళీని కొట్టడంతో ఊరుకోడు. తన గోళీ ఎక్కడ ఆగితే గుంటకు దగ్గరవుతుందో, ఎక్కడ ఆగితే ఎదుటివాడికి దొరకదో చూసుకునే కొడతాడు. మన ప్రాంతపు కుర్రాడికి గురి క్యారమ్స్ నేర్పింది, నిలకడ గోళీలాట నేర్పింది. రెండింటినీ ఒక చోటికి తెచ్చుకుంటే చాలావరకు పూల్ చేతికొచ్చినట్టే. మిగిలింది స్పిన్.

స్పిన్ మొదటి నుంచీ ఉన్నది కాదు. పాతకాలపు బిలియర్డ్స్‌లో క్యూ అనే కర్ర కొస బోడిగా ఉండేది. బంతిని మధ్యలో తప్ప ఎక్కడ కొట్టినా జారిపోయేది. 19వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్స్ సైనికాధికారి ఫ్రాన్స్వా మింగో క్యూ కొసకు తోలు టిప్ అమర్చాడు. తర్వాత టిప్‌కి చాక్ రాయడం వాడుకలోకి వచ్చింది. అప్పటి నుంచి బంతిని పైన, కింద, పక్కన పట్టి కొట్టడం వీలైంది. 1835లో ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త గస్పార్ కొరియోలిస్ బిలియర్డ్స్ బంతుల నడక మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. స్పిన్‌తో జారుతున్న బంతి వంపు తిరిగితే ఆ వంపు పారబోలా అవుతుందని అందులో నిరూపించాడు. బంగాళాఖాతంలో తుఫాన్లు అపసవ్య దిశలో ఎందుకు తిరుగుతాయో చెప్పే కొరియోలిస్ ప్రభావానికి ఆ పేరు వచ్చింది ఈయన నుంచే. ఆ ప్రభావానికి సంబంధించిన పరిశోధన పత్రం కూడా 1835లోనే వెలువడింది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను మరవలేని మన ప్రాంతంలో ఆ పేరు భౌగోళిక పాఠంలో అందరూ చదివే ఉంటారు. అదే మనిషి పచ్చగుడ్డ టేబుల్ ముందు కూర్చుని తెల్లబంతి గురించి అంత లోతుగా ఆలోచించాడన్నది నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

మన దేశానికి ఈ ఆటతో ఉన్న సంబంధం చిన్నది కాదు. స్నూకర్ పుట్టిందే 1875లో జబల్‌పూర్ సైనికాధికారుల మెస్‌లో. హైదరాబాద్ ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఇంగ్లండు నుంచి తెప్పించిన బిలియర్డ్స్ టేబుల్ ఇప్పటికీ ఉంది. 1958లో కలకత్తాలో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ టైటిల్ గెలిచిన విల్సన్ జోన్స్ ఏ ఆటలోనైనా వ్యక్తిగత ప్రపంచ చాంపియన్ అయిన మొదటి భారతీయుడు. ఆ తర్వాత మైకేల్ ఫెరేరా, గీత్ సేథీ, మన పక్కనున్న బెంగళూరు నుంచి పంకజ్ అద్వానీ. వీళ్లంతా బిలియర్డ్స్‌లో ప్రపంచ విజేతలు కావడంలో ఒక అర్థం ఉంది. బిలియర్డ్స్‌లో ఉండేవి మూడే బంతులు. మన బంతి మిగతా రెండింటినీ తాకినా, ఒకదాన్ని తాకి తానే పాకెట్లో పడినా పాయింట్లు వస్తాయి. అంటే అందులో మన బంతి ప్రయాణమే ఆట. భారతీయులు ప్రపంచాన్ని గెలిచింది ఆ విద్యతోనే. దాన్నే పూల్ టేబుల్ మీదికి తెచ్చుకోమంటున్నాను.

ఇక నేర్చుకునే పద్ధతికి వద్దాం. ముందుగా స్టాప్ షాట్. నా అభిప్రాయంలో మొదటి నెల ఇది తప్ప ఇంకేదీ ముట్టుకోకూడదు. రంగుబంతిని పాకెట్‌కి సూటిగా పెట్టండి. దానికి అడుగు దూరంలో తెల్లబంతి. క్యూని వీలైనంత నేలబారుగా పట్టుకుని, బంతి మధ్యకు కొంచెం కింద కొట్టండి. రంగుబంతి పాకెట్లోకి వెళ్లాలి, తెల్లబంతి తాకిన చోటే ఆగిపోవాలి. అంగుళం ముందుకు కదిలినా, పక్కకు జరిగినా ఆ దెబ్బ లెక్కలోకి రాదు. అది కుదిరాక దూరం రెండడుగులు చేయండి, తర్వాత మూడు, నాలుగు. ఇక్కడే అసలు పాఠం మొదలవుతుంది. అడుగు దూరంలో ఆగిన బంతి నాలుగడుగుల దూరంలో అదే దెబ్బకు ఆగదు, ముందుకు దొర్లుకుంటూ పోతుంది.

కారణం టేబుల్ మీద గుడ్డ. మధ్యలో కొట్టిన బంతి మొదట తిరక్కుండా జారుతుంది. గుడ్డ రాపిడి దాని కింది భాగాన్ని పట్టి వెనక్కి లాగుతుంది, దాంతో బంతి మెల్లగా ముందుకు దొర్లడం మొదలుపెడుతుంది. మొదట ఇచ్చిన వేగంలో ఏడింట అయిదు వంతులు మిగిలేసరికి అది పూర్తిగా దొర్లుతూ ఉంటుంది. కింద కొట్టి వెనక్కి తిప్పిన బంతి అయినా ఇంతే. వెనక తిరుగుడు దారిలో కరిగిపోతుంది, కాసేపు తిరుగుడు లేని జారుడు, తర్వాత ముందుకు దొర్లుడు. స్టాప్ షాట్ కావాలంటే తెల్లబంతి రంగుబంతిని తాకే క్షణానికి తిరుగుడు సరిగ్గా సున్నా కావాలి. దూరం పెరిగితే ఇంకొంచెం కింద కొట్టాలి, లేదా ఇంకొంచెం గట్టిగా కొట్టాలి. ఈ దామాషా పుస్తకంలో దొరకదు. టేబుల్ మీది గుడ్డ పాతదా కొత్తదా, ఆ రోజు గాల్లో తేమ ఎంత అన్నదాన్ని బట్టి మారుతూ ఉంటుంది. కృష్ణా డెల్టా గాలిలో తేమకు కొదవ లేదు. తేమ పట్టిన గుడ్డ బంతిని త్వరగా పట్టేస్తుంది. అందుకే ఏ టేబుల్ దగ్గరైనా ఆట మొదలుపెట్టే ముందు కొన్ని స్టాప్ షాట్లు కొట్టి ఆ టేబుల్ స్వభావం తెలుసుకోవాలి.

స్టాప్ వచ్చినవాడికి ఫాలో, స్క్రూ రెండూ దాని పక్క గుమ్మాలే. బంతి మధ్యకు పైన కొడితే రంగుబంతిని తాకి ఆగినట్టే ఆగి, మళ్లీ ముందుకు నడుస్తుంది. అది ఫాలో. దీనికోసం మరీ పైకి పోనక్కర్లేదు. బంతి ఎత్తులో పదింట ఏడు వంతుల దగ్గర కొడితే మొదటి క్షణం నుంచే అది దొర్లుతూ పోతుంది. కింద కొట్టినప్పుడు తిరుగుడు కరిగిపోకముందే రంగుబంతిని తాకితే వెనక్కి వస్తుంది. అది స్క్రూ, కొందరు డ్రా అంటారు. కుర్రాళ్లకు మోజంతా దీని మీదే. రాకపోయేసరికి బలం పెంచుతారు, క్యూ వెనక భాగం ఎత్తేస్తారు, తాకగానే చెయ్యి వెనక్కి గుంజుతారు. మూడూ తప్పే. స్క్రూకి కావలసింది వదులైన పట్టు, నేలబారు క్యూ, చాక్ సరిగ్గా రాసిన టిప్. కొట్టాక క్యూ ఆగకుండా బంతి ఉన్న చోటు దాటి ముందుకు సాగాలి. భుజం కదలకూడదు, మోచేతి కింది భాగం ఒక్కటే ఊగాలి. ఎంత కిందికి పోవచ్చన్నదానికి హద్దు ఉంది. మధ్య నుంచి బంతి వ్యాసార్ధంలో సగం, అంటే సుమారు 14 మిల్లీమీటర్లు. అది దాటితే టిప్ జారి మిస్‌క్యూ అవుతుంది. గుడ్డ చిరుగుతుందని పార్లర్ వాళ్లు కేకలేసేది ఇలాంటప్పుడే. ఆ కేకల భయంతోనే చాలామంది స్క్రూ నేర్చుకోకుండా వదిలేస్తారు. క్యూ నేలబారుగా ఉంటే గుడ్డకు వచ్చే ప్రమాదం తక్కువ.

సూటి దెబ్బలు ఆటలో అరుదు. ఎక్కువగా వచ్చేవి ఏటవాలు దెబ్బలైన కట్‌లు. ఇక్కడ క్యారమ్స్ చేతిని పూర్తిగా మరిచిపోవాలి. సమానమైన బంతులు ఏటవాలుగా తాకినప్పుడు తెల్లబంతికి తిరుగుడు లేకపోతే, రంగుబంతి పోయే దారికి సరిగ్గా 90 డిగ్రీల దిశలో అది బయలుదేరుతుంది. ఇది ఒక్కటి తెలిస్తే సగం టేబుల్ కళ్లముందు గీతల్లా కనిపిస్తుంది. దొర్లుతూ వచ్చిన తెల్లబంతి అయితే కాసేపు ఆ గీత వెంట పోయి ముందుకు వంగుతుంది. మరీ పలచగానో మరీ నిండుగానో కాకుండా మధ్యస్థంగా తగిలిన దెబ్బల్లో అది మొదటి దారి నుంచి సుమారు 30 డిగ్రీలు పక్కకు పోతుంది. చూపుడువేలు, నడిమివేలు సహజంగా విప్పి పట్టుకుంటే ఇంచుమించు ఆ కోణమే వస్తుంది. ఒక వేలు తెల్లబంతి వచ్చే దిశలో పెడితే రెండోది పోయే దిశ చూపిస్తుంది. ఆ వేలు నేరుగా పాకెట్‌ని చూపిస్తుంటే జాగ్రత్త పడాలి, తెల్లబంతి అందులో పడి ఫౌల్ అవుతుంది. మెల్లగా కొట్టే దెబ్బల్లో బంతి దాదాపు ఎప్పుడూ దొర్లుతూనే చేరుతుంది కాబట్టి ఈ లెక్క ఆటలో ఎక్కువసార్లు పనికొచ్చేది.

పక్క స్పిన్ సంగతి చివర చెప్పడం కావాలనే చేశాను. దాన్ని సైడ్ అంటారు. బంతిని కుడివైపున కొడితే కుషన్‌ని తాకాక కుడికి, ఎడమవైపున కొడితే ఎడమకి విరుగుతుంది. టేబుల్ ఒక చివర నుంచి రెండో చివరికి తెల్లబంతిని తెచ్చుకోవడానికి ఇంతకు మించిన సాధనం లేదు. కానీ దీనికి మూడు చిక్కులున్నాయి. కుడివైపు కొట్టిన బంతి బయలుదేరేటప్పుడే కొంచెం ఎడమకి తప్పుకుంటుంది. క్యూ వెనక భాగం కాస్త ఎత్తుగా ఉన్నా దారిలో వంపు తిరుగుతుంది. రంగుబంతిని తాకినప్పుడు దాన్నీ కొద్దిగా పక్కకు నెడుతుంది. గురి ఇంకా కుదరనివాడు సైడ్ వాడితే బంతి ఎందుకు తప్పిందో అతనికే తెలియదు, తెలియని తప్పును దిద్దుకోలేడు. పార్లర్లలో ప్రతి దెబ్బకీ సైడ్ వేసే కుర్రాళ్లను చూస్తుంటాను. చూడటానికి బాగుంటుంది, ఆట మాత్రం పాడవుతుంది. మధ్య గీత మీద పైన, మధ్యన, కింద కొట్టడం, వేగాన్ని అదుపులో పెట్టడం, ఈ రెంటితోనే మామూలు ఆటలో వచ్చే స్థానాల్లో చాలావాటికి చేరుకోవచ్చు.

వేగం అన్నాను కాబట్టి ఒక సాధన. మీ వైపు నుంచి తెల్లబంతిని ఒక్కదాన్నే అవతలి కుషన్‌కి కొట్టి, తిరిగొచ్చి మీ వైపు కుషన్ దగ్గర ఆగేలా చేయండి. రంగుబంతి లేదు, పాకెట్ లేదు, గెలుపోటములు లేవు. చెయ్యి వేగాన్ని కొలవడం నేర్చుకునేది దీంతోనే. అది కుదిరాక నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చించి టేబుల్ మీద ఎక్కడో పెట్టండి. ఏదో ఒక రంగుబంతిని వేసి, తెల్లబంతి ఆ కాగితం మీద ఆగేలా కొట్టండి. బంతి పడి కాగితం తప్పితే అది ఓటమిగానే లెక్క వేసుకోండి. ఈ ఒక్క నియమం ఆట పట్ల మనసును మార్చేస్తుంది.

ఎక్కడ ఆపాలన్నది చేతికి ఎంత సంబంధించిందో బుర్రకూ అంతే సంబంధించింది. ఆఖరి బంతి నుంచి వెనక్కి ఆలోచించుకుంటూ రావాలి. కనీసం మూడు బంతుల వరస మనసులో ఉండాలి. కొత్తవాళ్లు తర్వాతి బంతికి సూటిగా రావాలని చూస్తారు. అనుభవం ఉన్నవాళ్లు కొంచెం ఏటవాలు కోణం మిగుల్చుకుంటారు. సూటిగా ఉన్నప్పుడు తెల్లబంతి ముందుకో వెనక్కో తప్ప పక్కకు పోలేదు. కోణం ఉంటే టేబుల్ అంతా తెరుచుకుంటుంది. అలాగే కావలసిన చోటికి తెల్లబంతి అడ్డంగా దాటుకుంటూ కాక, తర్వాతి దెబ్బ గీత వెంటే నడుస్తూ రావాలి. అప్పుడు వేగం కాస్త ఎక్కువైనా తక్కువైనా నష్టం ఉండదు. 1954లో అమెరికా ఆటగాడు విల్లీ మోస్కోనీ ఒక ప్రదర్శనలో ఒక్కటీ గురి తప్పకుండా వరసగా 526 బంతులు వేశాడు. అన్ని బంతులు వేయడానికి తెల్లబంతి అన్నిసార్లూ చెప్పిన మాట వినాలి.

మన ఊళ్లలో ఈ సాధనకు అడ్డుపడేవి రెండున్నాయి. మొదటిది టేబుల్ అద్దె. అది గంట లెక్కన నడుస్తుంది, ఓడినవాడు డబ్బు కట్టాలన్న ఆనవాయితీ ఉంది. గడియారం తరుముతుంటే కుర్రాడు గట్టిగా, తొందరగా కొడతాడు. మెల్లని దెబ్బ నేర్చుకునే వీలే ఉండదు. నలుగురు కలిసి వెళ్లినా, మొదటి అరగంట ఒక్కొక్కరూ ఒంటరిగా సాధన చేసుకోండని వాళ్లకు చెప్పాలనిపిస్తుంది. రెండోది ఇంట్లో పెద్దల అభిప్రాయం. పూల్ అనగానే పేకాట క్లబ్బు, సిగరెట్లు, పందేలు గుర్తొస్తాయి. ఆ భయం ఊరికే పుట్టలేదు, దాన్ని తీసిపారేయను. కానీ ఆట తప్పు కాదది, ఆడే చోటు తప్పు. క్యారమ్స్‌ని కూడా ఒకప్పుడు పనిలేనివాళ్ల కాలక్షేపం అన్నారు. అదే క్యారమ్స్‌లో హైదరాబాద్ క్రీడాకారిణి ఎస్. అపూర్వ 2016లో బర్మింగ్‌హామ్‌లో ప్రపంచ చాంపియన్‌గా నిలిచింది.

ఈ ఆటకు ఎత్తు అక్కర్లేదు, కండబలం అక్కర్లేదు. ఆడా మగా తేడా లేదు, అరవై దాటినవారూ ఇరవై ఏళ్లవారితో సమానంగా ఆడొచ్చు. ఇది పిల్లలకు నేర్పేది ఒక దెబ్బతో పని అయిపోదని, దాని తర్వాతి దాన్ని కూడా ఇప్పుడే చూసుకోవాలని. భౌతికశాస్త్రం పాఠంలో రాపిడి, ద్రవ్యవేగం, కోణాలు అని బోర్డు మీద రాసుకున్నవి ఇక్కడ చేతికి తగులుతాయి.

అందుకని ఉయ్యూరు, గుడివాడ, బందరు, అవనిగడ్డ కాలేజీల యాజమాన్యాలకు ఒక మనవి. మీ ఆటల గదిలో క్యారమ్ బోర్డు పక్కన ఒక ఎనిమిదడుగుల పూల్ టేబుల్‌కి చోటివ్వండి. చుట్టూ క్యూ తిప్పుకోవడానికి 17 అడుగుల పొడవు, 13న్నర అడుగుల వెడల్పు ఉంటే చాలు, మామూలు తరగతి గది సరిపోతుంది. అద్దె గడియారం లేని టేబుల్ ఒక్కటి దొరికితే స్టాప్ షాట్ దగ్గర నుంచి వాళ్లే మొదలుపెడతారు.